సుంకురాముని తోట, షుల్జ్ పూదోట

చింతాద్రిపేట పేరు మగ్గమునుండి పుట్టినది. అరవమున ‘తఱి’ యనగా మగ్గము. చిన్న మగ్గముల పేట యని యర్థము చెప్పుదురు. అయితే పేటకు ముందు అచట నుండినది తోట. కూవము నది వంపులో, ఒకప్పుడు కుంపిణీవారికి ప్రధాన వర్తకుడుగా నుండిన సుంకురామునకు ఆ తోట యుండెడిది. ఎగుమతికి వలయు బట్ట పట్టణము చెంతనే దొరకవలెనని, గవర్నరు జార్జి మార్టన్ పిట్ 1734లో ఆ స్థలమును గైకొని నేతగాండ్రకును, నూలు వడకువారికిని, అద్దకమువారికిని నివాసముగా నేర్పరచెను. తోట పోయి పేట వెలసెను.

ఆ కాలముననే చెన్నపట్టణమున మఱియొక తోటను ఎఱిగినవాడు బెంజమిన్ షుల్జ్. ఈ జర్మను బోధకుడు 1726లో ఇచటికి వచ్చి 1743 వరకును పనిచేసెను. పట్టణమున తెలుగు మాటలాడువా రనేకులుండుటచే తెలుగు నేర్చి, బైబిలును తెనిగించెను. అది అచ్చునకు నోచుకొనలేదు. స్వదేశమునకు మరలిన పిమ్మట 1746లో హల్లే నగరమున ఆయన ముద్రింపించిన చిన్న పుస్తకములే తెలుగున తొలి యచ్చు పుస్తకములని మన ముద్రణచరిత్రకారు లెఱుగుదురు. తమిళమునను ఆయన కృషి తక్కువది కాదు. యోహాను ఆర్న్‌ట్ రచించిన ప్రార్థనల పుస్తకమును తమిళించి హల్లేలోనే అచ్చువేయించెను. దాని పేరు ‘స్వర్గపు చిన్నితోట’.

ఈ పేరు అలంకారమునకు పెట్టినది కాదు. 1612లో వెలువడిన ఆ గ్రంథముయొక్క పూర్తి నామమే దాని సిద్ధాంతమును తెలుపును: సద్గుణములను ప్రార్థనలద్వారా ఆత్మలో నాటు విధము అందు చెప్పబడినది. పది యాజ్ఞల క్రమమున ఒక్కొక్క గుణమునకు ఒక్కొక్క ప్రార్థన. తరువాత కృతజ్ఞతాస్తుతులు, కష్టకాలమున ఓదార్పులు. ఇండ్లు కాలినను ఈ పుస్తకము కాలలేదను కథలు జర్మనీలో వ్యాపించినవి. కథల మాట యెట్లున్నను, అన్ని యిండ్ల నది యుండెననుటకు అవి సాక్ష్యము.

ఇచట నొక చిక్కు గలదు. తోటపని మనుష్యుని పని. గుణములను నాటుట తోటమాలి చేతిలో నున్నచో దైవకృప కేమి మిగులును? ఆర్న్‌ట్ బోధ లూథరు మార్గమునకు దూరమైనదని ఆయన గతించిన రెండేండ్లకు, 1623లో, ట్యూబింగెన్ పండితుడు లూకాస్ ఒసియాండర్ తీవ్రముగా నాక్షేపించెను. కాని పుస్తకమును విప్పి చూచినచో ఆ యాక్షేపణ నిలువదు. అందు నాటుట యనగా నాటుమని వేడుకొనుట. చేయి చాచినవాడు మనుష్యుడు, మొక్క తెచ్చినవాడు వేరు.

అంతకు ముందే స్పెయినులో అవిలా తెరేసా (1515–1582) ఈ చిక్కునే నీటి లెక్కతో విప్పెను. ఆమె మతమున కతోలికురాలు, ఆర్న్‌ట్ లూథరువాడు, తోట ఇరువురిదిని. తన జీవితకథలో ఆమె ప్రార్థనను తోట తడుపుటతో పోల్చినది. మొదట బావినుండి చేదుట, చేతులు నొచ్చు పని. పిదప చక్రమునకు తొట్లు కట్టి త్రిప్పుట. ఆపై కాలువ పారుట. తుదకు వాన. మెట్ట పైరు నెఱిగిన మనవారికి ఈ క్రమము వివరింప నక్కఱలేదు. చేదకును ఏతామునకును గల భేదము భుజములకే తెలియును. బావి యెండినప్పు డేమి చేయవలెనన్న ప్రశ్నకు ఆమె యిచ్చిన సమాధానము మిక్కిలి విలువైనది: అప్పుడును చేద దింపుచునే యుండవలెను, పూలను తోట యజమానుడు నీరులేకయే కాపాడును. అనేక సంవత్సరములు ప్రార్థనలో ఎండను చవిచూచిన స్త్రీ మాట యిది.

పౌలు నాటెను, అపొల్లో నీరు పోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడు అను కొరింథీ పత్రికలోని భావమే ఇరువురకును ఆధారము. తెలుగు సంఘములలో నేటికిని ‘ఫలించు’ అను క్రియ లేని ప్రార్థన అరుదు. ఆ మాట వెనుక పాదు చేయుట, కలుపు తీయుట, కాచుకొనుట గలవని పలుకువారు తలంచుట మాత్రము అంతకంటె అరుదు.

నేతపేటలో పని కొలతకు వచ్చును. దినమున కిన్ని మూరలని కుంపిణీ గుమాస్తా లెక్కింపగలడు. చేద దింపి వట్టిదిగా పైకి లాగిన దినమును ఏ గుమాస్తా లెక్క వ్రాయును? ఆ పేటలోనే 1847లో అమెరికను మిషనువారు సీయోను దేవాలయమును నిర్మించిరి. సుంకురాముని చెట్లు లేవు; అచట కూడువారి ప్రార్థనలలో తోట యున్నది.