నాలుగు రచ్చబండలు ఒకటైన వైనము

ఆర్కన్సా రాష్ట్రమందలి బెంటన్‌విల్ పట్టణపు నడికూడలిలో 1950లో సామ్ వాల్టన్ తెరచిన చిల్లర అంగడి వెనుకటి కథ పలువురెరిగినదే. ఆ వాల్టన్ స్థాపించిన వాల్‌మార్ట్, 1987 నాటికే తన అంగళ్ళను ఉపగ్రహముద్వారా ప్రధాన కార్యాలయముతో ముడివేసికొనెను. కనుక వార్త వడిగా చేరవలెనను ఆరాటము ఆ యూరికి క్రొత్తది కాదు. 2015 నాటికి ఆ సంస్థవారి అంతర్జాల విక్రయశాల లక్షకు మించిన ప్రాసెసర్ కోర్లపై నడచుచుండెను; ఆ కోర్లను ఏలినది ఓపెన్‌స్టాక్ అను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్.

రాక్‌స్పేస్, నాసా సంస్థలు 2010లో ఆరంభించిన ఈ సాఫ్ట్‌వేర్‌ను కట్టువారు దేశదేశములందు చెదరియుండుటచే, వారి సభామంటపము మెయిలింగ్ లిస్టే యయ్యెను. ఒక చిరునామాకు వ్రాసిన జాబును చేరినవారికెల్ల తనంతట పంచిపెట్టు ఈ యేర్పాటును 1986లో పారిస్ విద్యార్థి ఎరిక్ థామస్ లిస్ట్‌సెర్వ్ అను పేర తీర్చెను. ఓపెన్‌స్టాక్‌వారికి ఇట్టివి ముఖ్యముగా నాలుగు: కట్టువారికొకటి, వాల్‌మార్ట్‌వలె దానిని నడుపువారికొకటి, సామాన్య ప్రశ్నలకొకటి, ప్రత్యేకాసక్తి బృందములకొకటి.

చిక్కంతయు ఇచ్చటనే పుట్టెను. నడుపువాడు తన యిబ్బందిని రెండు లిస్టులకు వ్రాయును, కట్టువాడు బదులిచ్చును, కాని నడుపువారి లిస్టులో అతనికి సభ్యత్వము లేమిచే ఆ బదులు గుమ్మమువద్దనే ఆగిపోవును. ఒకే సంభాషణ రెండు ముక్కలై, ఏ ముక్క చదివినవానికిని తక్కినది తెలియకుండెను. మాట లేని లిస్టును మూయుట సులువు, అడుగువాడే యుండడు. మాటాడుచున్న లిస్టులను మూయుటకే గుండెదిటవు కావలెను.

2018 నవంబరు 19న నాలుగింటికి బదులు ఓపెన్‌స్టాక్-డిస్కస్ అను ఒక్క లిస్టు జాబులకు తెరవబడెను. డిసెంబరు 3న పాతవి క్రొత్త జాబులను స్వీకరించుట మానెను. పాత సభ్యులను ఎవరును మూటగట్టి చేరవేయలేదు. ఎవరికివారే వచ్చి పేరు నమోదు చేసికొనవలసివచ్చెను. గుంపులో తమకు వలసిన మాట ఏరుకొనుటకై, జాబు శీర్షిక మొదట చదరపు కుండలీకరణములలో నోవా, న్యూట్రాన్ వంటి ఓపెన్‌స్టాక్ భాగముల పేర్లను ముద్రగా వేయు ఆచారమే శరణమయ్యెను.

నేడు బెంటన్‌విల్‌లో కంప్యూటరు కొలువులకై వచ్చి కాపురమున్న తెలుగువారు పలువురు. వారిలో కొంచెము వయసు ముదిరినవారికి యాహూ గ్రూపులలోని ‘రచ్చబండ’ అను ఇట్టి లిస్టే జ్ఞాపకముండవచ్చును. సాహిత్యముపై అచ్చట ఎంత వాదము జరిగెనో! 2020 డిసెంబరు 15న యాహూవారు గ్రూపులను మూసివేసిరి. అంతకు మునుపే పాత జాబులను తమ తావునుండి తుడిచివేసియుండిరి. ఎవరైన ముందుచూపుతో దాచిన మేరకే అవి మిగిలినవి. ఈ రెండు మూతలను ఒక్క గాటను కట్టుట నా దృష్టిలో అన్యాయము. ఓపెన్‌స్టాక్‌వారు మూసినది తలుపే గాని పేటిక కాదు: ఆ నాలుగు లిస్టుల పాత జాబులను నేటికిని ఎవరైనను ఉచితముగా చదువుకొనవచ్చును.