చిత్రలేఖనము: గురువు, గృహము

పిల్లవాఁడు బొమ్మ గీయుచుండఁగాఁ జదువు చెడునని పలక లాగికొను తలిదండ్రులను మే మెఱుఁగుదుము. రాజమహేంద్రవర కళాశాలాధ్యక్షుఁడై యుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర యట్లు తలఁపలేదు. తానును జిత్రకారుఁ డగుటచే విద్యార్థులలోని నేర్పును గుర్తించెను. దామెర్ల రామారావును (1897–1925) జేరఁదీసి, బొంబాయి జె.జె. కళాశాలలోఁ జదువుటకుఁ దోడ్పడెను. అడివి బాపిరాజును ఆయన శిష్యుఁడే.

రామారావు తిరిగివచ్చి రాజమహేంద్రవరమునఁ జిత్రకళాశాల నెలకొల్పెను. ఇంట భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయుఁ గుంచె పట్టిరి. 28వ యేట మశూచిచే నాయన మరణించినను విద్య యాగలేదు. మిత్రుఁడు వరదా వెంకటరత్నము పాఠశాలను నడపెను.

గుర్తించు గురువును, అడ్డుపడని యిల్లును గలిసినచోటఁ గళ నిలుచును. వాకిట ముగ్గు దిద్దు బాలిక వ్రేళ్లలో రేఖ యిదివఱకే యున్నది. ఆమెకుఁ గాగితమును, రంగులును, గడియసేపు తీఱికయు మన మీయవలదా?