ముందుగది గోడ

తమిళనాడులోని ధర్మపురిలో మా తెలుగువాళ్ల పాత ఇళ్లలో ముందుగది అంటే రెండు మంచాలు పట్టేంత చోటు. మా అవ్వ కాలంలో అందులో కుర్చీల్లేవు. ఎవరొచ్చినా చాప పరిచేవారు, రాత్రికి అక్కడే పడక. అలంకారమంతా గోడమీదే.

చిత్రకారుడు రవివర్మ 1894లో బొంబాయిలో రంగుల అచ్చుకూటం పెట్టాక లక్ష్మీ సరస్వతులు సామాన్యుల గోడలకూ దిగివచ్చారు. తర్వాత శివకాశి క్యాలెండర్లు. ఏడాది దాటితే తేదీల కాగితాలు చింపేసి, దేవుడి బొమ్మకు అవ్వ అద్దం కట్టించేది. పటాలను ఎత్తున, కాస్త ముందుకు వంచి తగిలించేవారు, చాపమీద కూర్చున్నవాళ్లకు కనబడాలని. ఎంత తెలివైన ఏర్పాటు అది! ఆంధ్రలో చాలాచోట్ల సంక్రాంతికి పెట్టే బొమ్మల కొలువు మాకిక్కడ నవరాత్రులకు. మెట్లు కట్టడానికి గదంతా ఖాళీ చేసేవాళ్లం.

2006లో రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా కలర్ టీవీలు పంచడం మొదలుపెట్టింది. మా వీధిలో కుర్చీలన్నీ అటు తిరిగాయి, పటాలు పూజ మూలకు చేరాయి.

చిన్న గదికి సోఫా సెట్టు కొనేముందు దయచేసి ఆలోచించండి. ఆ చోటులో చాప పరిస్తే పదిమంది కూర్చుంటారు.