నేర్పే చోటు ఎవరిది?

నేను పరిశోధన చేసిన తెలుగు శాఖలో క్లాసు నిండా అమ్మాయిలే ఉండేవాళ్లు. గోడ మీద శాఖాధ్యక్షుల ఫోటోల్లో మాత్రం ఒక్కరే స్త్రీ. చదువులోకి రావడం వేరు, నేర్పే చోట నిలబడడం వేరు. అమెరికా కాలేజీ టెన్నిస్ చరిత్ర చదువుతుంటే ఆ గోడే గుర్తొచ్చింది.

అక్కడ 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో లింగవివక్ష కుదరదంది. అమ్మాయిల జట్లు పెరిగాయి, స్కాలర్‌షిప్పులు వచ్చాయి. కానీ అప్పట్లో మహిళా జట్ల కోచ్‌లలో 90 శాతానికి పైగా ఉన్న స్త్రీలు 2006 నాటికి దాదాపు 42 శాతానికి తగ్గిపోయారు. జీతం లేనన్నాళ్లూ ఆడవాళ్ల పనిగా ఉన్నది, జీతం రాగానే మగవాళ్లకీ ఉద్యోగమైంది.

ఈ నేపథ్యంలో లేలే ఫోరూద్‌ని చూడాలి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టులో ఆడి, ప్రొఫెషనల్ క్రీడాకారిణిగా దేశాలు తిరిగి, అసిస్టెంట్ కోచ్‌గా అక్కడికే వచ్చారు. హెడ్ కోచ్ ఫ్రాంక్ బ్రెనన్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేశారు. 2000లో ఆయన స్థానం ఆమెకి దక్కింది. 2001లోనే ఆమె జట్టు ఎన్‌సీఏఏ జాతీయ టైటిల్ గెలిచింది. 2019 నాటికి అలాంటివి పది. బ్రెనన్ హయాంలో వచ్చినవీ పదే.

ఆడవాళ్లకి చేతకాదన్న మాటకి ఈ లెక్క చాలు. అయినా నా ఆలోచన ఆ టైటిళ్ల మీద లేదు. ఆమె లాగే రెండో స్థానంలో పనిచేసి, మొదటి స్థానం ఎప్పటికీ ఖాళీ కాక వెళ్లిపోయినవాళ్ల మీద ఉంది. వాళ్ల ఫోటోలు ఏ గోడ మీదా ఉండవు.