రాజుగారి సీసం, పిల్లల చేతులు

సీసం అనగానే మనలో చాలామందికి ముందు పద్యం గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది లోహం గురించి. అదీ కొత్తది కాదు, విగ్రహం పగలగొడితే వచ్చిన తుక్కు.

1776 జులై 9న న్యూయార్క్‌లో వాషింగ్టన్ సైన్యానికి స్వాతంత్ర్య ప్రకటన చదివి వినిపించారు. ఆ సాయంత్రమే జనం, సైనికులు కలిసి బౌలింగ్ గ్రీన్‌లో గుర్రం మీదున్న మూడో జార్జ్ విగ్రహాన్ని తాళ్లు కట్టి లాగి పడేశారు. 1770లో నిలబెట్టిన ఆ విగ్రహం సీసంతో పోసింది, పైన బంగారు పూత. ఉద్దేశం మంచిదే గానీ ఈ అల్లరేంటని వాషింగ్టన్ మర్నాడు మందలించాడు. సీసాన్ని మాత్రం ఎవరూ వదులుకోలేదు. ముక్కల్లో చాలా భాగం కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కి, ఆలివర్ వోల్కాట్ ఇంటికి చేరింది. అక్కడ కరిగించి తూటాలు చేశారు.

తుక్కు సీసం తూటాకి పనికొస్తుందో లేదో చూడ్డానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. మెత్తటి సీసం గోటితో గీస్తే గీత పడుతుంది, రాతి మీద పడేస్తే మోగదు, దబ్‌మంటుంది. తగరం, ఆంటిమనీ కలిసిన అచ్చు అక్షరాల సీసం గట్టిగా ఉంటుంది. ఇవాళ్టి తుక్కులో చిక్కులు ఎక్కువ. కారు చక్రాల బరువుల్లో సీసంలా కనిపించే జింకు దొర్లుతుంది, అది కలిస్తే పోత చెడుతుంది. బ్యాటరీ పలకల్లో ఆర్సెనిక్ ఉండొచ్చు. వాటిని కరిగించాక మిగిలే మడ్డికి తడి తగిలితే ఆర్సీన్ అనే విషవాయువు పుట్టొచ్చు. రాజుగారి విగ్రహంలో ఆ బ్యాటరీ గొడవ లేదు. కానీ ఎన్ని పరీక్షలు పాసైనా సీసం సీసమే.

వోల్కాట్ రాసిపెట్టుకున్న లెక్క మిగిలింది. మొత్తం తూటాలు 42,088. కూతురు మేరీ ఆన్ పేరున 10,790, కొడుకు ఫ్రెడరిక్ పేరున 936. ఆ అమ్మాయి 1765లో, పిల్లాడు 1767లో పుట్టారు. ఈ కథని అందరూ రాజు తూటాలయ్యాడని నవ్వుతూ చెప్తారు. నా చూపు మాత్రం ఆ 936 దగ్గరే ఆగిపోతుంది.

సీసం విషమని అప్పుడు తెలియదా? తెలుసు. రమ్ కాచే బట్టీలకి సీసపు మూతలు వాడకూడదని మసాచుసెట్స్ 1723లోనే చట్టం చేసింది. స్వాతంత్ర్య ప్రకటన కమిటీలో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రాడిగా లండన్ అచ్చుశాలలో పనిచేశాడు. అక్షరాలను నిప్పు దగ్గర వెచ్చబెట్టి పట్టుకుంటే చేతులు పడిపోతాయని ఓ పాత పనివాడు అతన్ని హెచ్చరించాడు. అక్షరాలు పోత పోసే ఇంకొకాయన, ఆవిరి వల్ల కాదు, చేతులు సరిగ్గా కడుక్కోకుండా అన్నానికి కూర్చోవడం వల్లే ఈ జబ్బని చెప్పాడట. ఫ్రాంక్లిన్ ఇదంతా 1786లో ఓ మిత్రుడికి ఉత్తరంలో రాశాడు. అరవై ఏళ్లకు పైగా తెలిసిన నిజం ఇంకా ఆచరణలోకి రాలేదని అందులో బాధపడ్డాడు.

వోల్కాట్ పిల్లలు జబ్బుపడ్డారని నేననట్లేదు. ఫ్రెడరిక్ 1837 దాకా బతికాడు. నేననేది వేరే. ఈ సీసం మంచిదేనా అని అడిగితే, తుపాకీకి మంచిదేనా అన్న ప్రశ్నకే మనం జవాబు వెతుకుతాం. పోసేవాళ్ల చేతులకి మంచిదేనా అన్నది అచ్చుశాల పనివాళ్లకి తెలిసినంతగా తూటాల లెక్క రాసేవాళ్లకి తెలియలేదు, లేదా పట్టలేదు. యుద్ధాల చరిత్ర చదివేటప్పుడు ఎన్ని తూటాలు అన్నదానితో ఆగకుండా, పని అయ్యాక చేతులు కడుక్కోమని ఆ పిల్లలకి ఎవరైనా చెప్పారా అని కూడా అడగాలనిపిస్తుంది నాకు.