నొప్పి నివారణ మందుల ఎలర్జీ

నొప్పి నివారణ మందుల ఎలర్జీ అనగా ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నిమెసులైడ్ వంటి స్టిరాయిడేతర శోథ నివారణ మందులు సరిపడక కొందరిలో కలిగే దుష్ప్రతిచర్య. దద్దుర్లు, కనురెప్పలు మరియు పెదవుల వాపు, ముక్కు కారడం, ఆయాసం దీని ముఖ్య లక్షణాలు. అరుదుగా ఇది ప్రాణాపాయానికి దారితీస్తుంది. ఈ మందుల వల్ల కలిగే కడుపులో మంట, జీర్ణాశయపు పుండు, మూత్రపిండాల వైఫల్యం కూడా ప్రమాదకరమైనవే కానీ అవి ఎలర్జీ క్రిందకు రావు.

చరిత్ర

బేయర్ సంస్థ 1899లో ఆస్పిరిన్‌ను విపణిలోకి విడుదల చేసినది. కొద్ది సంవత్సరాలకే దాని వల్ల దద్దుర్లు, వాపు కలిగిన రోగుల వివరాలు వైద్య పత్రికలలో వెలువడినాయి. ఆస్తమా, ముక్కులో కండలు, ఆస్పిరిన్ సరిపడకపోవడం అనే మూడు లక్షణాలు ఒకే వ్యక్తిలో కనిపించడాన్ని ఫ్రెంచి వైద్యుడు విడాల్, ఆయన సహచరులు 1922లో వర్ణించారు. 1968లో సామ్టర్, బియర్స్ అనే వైద్యులు దీనిని విపులంగా వివరించడంతో ఈ మూడింటి కలయికకు సామ్టర్ త్రయం అనే పేరు స్థిరపడినది. ఆస్పిరిన్ పనిచేసే విధానాన్ని 1971లో కనుగొన్న జాన్ వేన్, 1982లో మరి ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

కారణాలు

శరీర కణాలలోని అరాకిడోనిక్ ఆమ్లం రెండు మార్గాలలో మార్పు చెందుతుంది. కాక్స్ అనే ఎంజైము దానిని ప్రోస్టాగ్లాండిన్లుగానూ, లైపాక్సిజినేజ్ అనే ఎంజైము ల్యూకోట్రయీన్లుగానూ మారుస్తాయి. నొప్పి మందులు మొదటి మార్గాన్ని అడ్డుకుంటాయి. అందువలననే నొప్పి, వాపు తగ్గుతాయి. అయితే కొందరిలో వాపును అదుపులో ఉంచే ప్రోస్టాగ్లాండిన్ కూడా తగ్గిపోయి ల్యూకోట్రయీన్లు అధికమవుతాయి. ఇవి శ్వాసనాళాలను బిగించి, చర్మంలోనూ ముక్కులోనూ వాపు పుట్టిస్తాయి.

ఈ విధమైన ప్రతిచర్యకు మందు యొక్క రసాయన నిర్మాణంతో సంబంధం లేదు. కాబట్టి ఆస్పిరిన్ పడనివారికి ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా సాధారణంగా పడవు. మరికొందరిలో మాత్రం రోగనిరోధక వ్యవస్థ ఒకే మందును, లేదా అదే రసాయన కుటుంబానికి చెందిన మందులను శత్రువుగా గుర్తిస్తుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ ఒకే కుటుంబానికి చెందినవి.

రకాలు

* శ్వాసకోశ రకం: ఆస్తమా లేదా ముక్కులో కండలు ఉన్నవారిలో, మందు వేసుకున్న అరగంట నుండి మూడు గంటలలోపు ఆయాసం, పిల్లికూతలు వస్తాయి. ఆస్తమా ఉన్న పెద్దవారిలో సుమారు 7 శాతం మందికి ఈ లక్షణం ఉన్నట్లు అంచనా.
* చర్మ రకం: కొన్ని గంటలలో దురద, దద్దుర్లు, ముఖం వాపు కలుగుతాయి. దీర్ఘకాలంగా దద్దుర్లు ఉన్నవారిలో ఇది ఎక్కువ.
* అనఫిలాక్సిస్: నిమిషాలలోనే ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు బిగుసుకుపోవడం, రక్తపోటు పడిపోవడం, స్పృహ తప్పడం జరుగుతాయి. సూదిమందు ద్వారా ఇచ్చినప్పుడు మరింత వేగంగా రావచ్చు.
* ఆలస్యంగా వచ్చే రకం: రోజుల లేదా వారాల తరువాత జ్వరం, నోటిలో పుండ్లు, చర్మం ఊడిపోవడం, కాలేయం దెబ్బతినడం కనిపిస్తాయి. మెఫినమిక్ ఆమ్లం వల్ల డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్ర ప్రతిచర్య రావచ్చని భారత ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరిక జారీ చేసినది.

బొగ్గుగనుల ప్రాంతంలో ప్రాధాన్యత

పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో సింగరేణి కాలరీస్ సంస్థకు చెందిన భూగర్భ గనులు, ఓపెన్‌కాస్ట్ గనులు ఉన్నాయి. ఈ సంస్థలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా గలదు. బొగ్గుబాయిలో వంగి పనిచేయడం, బరువులు ఎత్తడం, డంపర్ల వంటి భారీ వాహనాల కుదుపులు నడుము, మెడ, మోకాళ్ళ నొప్పులకు కారణమవుతాయి. షిఫ్టు తప్పకూడదని మందుల దుకాణంలో అడిగి నొప్పి గోలీ కొనడం, ఆర్‌ఎంపీ వద్ద సూది వేయించుకోవడం తెలంగాణ అంతటా ఉన్న అలవాటే. డైక్లోఫెనాక్, నిమెసులైడ్ షెడ్యూల్ హెచ్ మందులు; వైద్యుని చీటీ లేకుండా వీటిని అమ్మరాదు.

గని కార్మికునికి ఆయాసం వస్తే అది బొగ్గు దుమ్ము వల్లనే అనుకునే అవకాశం ఎక్కువ. కానీ దుమ్ము వల్ల వచ్చే న్యుమోకోనియోసిస్ సంవత్సరాల తరబడి క్రమంగా ముదురుతుంది. మాత్ర వల్ల వచ్చే ఆయాసం గంటల వ్యవధిలో హఠాత్తుగా వస్తుంది, మళ్ళీ వేసుకుంటే మళ్ళీ వస్తుంది. ఈ కాలభేదాన్ని వైద్యునికి చెప్పడం వ్యాధి నిర్ధారణకు కీలకం. గోదావరిఖనిలో సింగరేణి ఏరియా ఆసుపత్రి, ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉన్నాయి. 2022లో రామగుండంలో వైద్య కళాశాల ప్రారంభమైనది.

నిర్ధారణ

చాలా రకాలకు నమ్మదగిన రక్తపరీక్ష లేదు. ఏ మందు, ఎంత మోతాదు, ఎంతసేపటికి ఏమి జరిగినది అనే వివరాలే ప్రధాన ఆధారం. ముందుగా చర్మం క్రింద కొద్దిగా సూది వేసి చూసినంత మాత్రాన శ్వాసకోశ రకం బయటపడదు. సందేహం ఉన్నప్పుడు మందును కొద్ది కొద్దిగా ఇచ్చి పరిశీలించే పరీక్షను అత్యవసర సదుపాయాలున్న ఆసుపత్రిలోనే చేయాలి.

చికిత్స

అనఫిలాక్సిస్‌కు మొదటి మందు ఎడ్రినలిన్. పెద్దవారికి 0.5 మిల్లీగ్రాముల వరకు తొడ వెలుపలి కండరంలోకి ఇస్తారు. ఎలర్జీ మాత్రలు, స్టిరాయిడ్లు దీనికి ప్రత్యామ్నాయం కావు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచాలి. ఆయాసం ఉంటే కూర్చోనివ్వాలి. లేపి నడిపించరాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. గుండెజబ్బుకు ఆస్పిరిన్ తప్పనిసరి అయినవారికి నిపుణుల పర్యవేక్షణలో మోతాదు క్రమంగా పెంచుతూ అలవాటు చేసే పద్ధతి ఉన్నది.

నివారణ, ప్రత్యామ్నాయాలు

పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మోతాదులో ఎక్కువమందికి సరిపడుతుంది. 1000 మిల్లీగ్రాములకు చేరితే కొందరిలో ప్రతిచర్య రావచ్చు. సెలికాక్సిబ్, ఎటోరికాక్సిబ్ చాలామందికి పడతాయి కానీ మొదటి మోతాదును వైద్యుని సమక్షంలో వేసుకోవాలి.

వ్యాపార నామాలు మోసం చేయవచ్చు. కాంబిఫ్లామ్‌లో ఇబుప్రొఫెన్, వోవెరాన్‌లో డైక్లోఫెనాక్, ఎకోస్ప్రిన్‌లో ఆస్పిరిన్ ఉంటాయి. పూతమందులలో కూడా డైక్లోఫెనాక్ ఉండవచ్చు. కాబట్టి పడని మందు యొక్క అసలు పేరును కాగితంపై వ్రాసి జేబులో ఉంచుకోవడం, ఆసుపత్రి పుస్తకంలో నమోదు చేయించడం, కుటుంబ సభ్యులకు తెలియజేయడం అవసరం. స్పృహ తప్పిన రోగి తన ఎలర్జీ గురించి తాను చెప్పుకోలేడు.