వినుకొండలో దొరికిన రోమను నాణేలు

తెనాలి, బాపట్ల, రేపల్లెల వలెనే వినుకొండ కూడా పూర్వపు గుంటూరు జిల్లాలోనిదే. అక్కడ 1889లో 15 రోమను బంగారు నాణేలు దొరికాయి. కరకల్లా చక్రవర్తి నాణెం వాటిలో ఉన్నది. క్రీ.శ. 211లో తండ్రి సెవెరస్ మరణించగా ఇతడు తమ్ముడు గేటాతో కలిసి గద్దెనెక్కాడు. ఏడాది తిరగక ముందే తమ్ముణ్ణి చంపించి, అతని పేరును శాసనాల నుండి చెక్కించివేశాడు. 217లో హర్రాన్ సమీపాన తన సైనికుని చేతిలోనే హతుడయ్యాడు. ఏలుబడి ఆరేళ్ళే; నాణెం మాత్రం సముద్రం దాటి మన నేలకు చేరింది.

నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల నాటి శాసనమొకటి 170 దీనారి మాషకాల దానాన్ని పేర్కొంటున్నది. రోమనుల ‘దెనారియస్’ ఇక్కడ దీనారమైంది. అరబ్బీలో దీనార్ అయింది. దివ్య ఖుర్ఆన్ కూడా ఆలి ఇమ్రాన్ సూరా 75వ ఆయత్‌లో అమానతు ప్రస్తావన చేస్తూ దీనారును పేర్కొన్నది. ముద్ర ఏ రాజుదైనా, నాణెం చెల్లింది మనుషుల నమ్మకం మీదనే.